ఫ్రిజ్ మీద అంటించిన లెక్క

2024 జులై 15, సోమవారం సాయంత్రం. జార్జియాలోని కమ్మింగ్‌లో మా అక్క వాళ్ళింట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ ఐదుగురం కూర్చున్నాం. అక్క, బావ, వాళ్ళబ్బాయి, ఇండియా నుంచి వచ్చి రెండు నెలలైన మా అమ్మ, నేను. టేబుల్ మధ్యలో ఫోను. పొద్దున కలిపిన పులిహోర గిన్నె మీద మూత ఎవరూ తీయలేదు. టీవీలో మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్, అంటే అమెరికాలోని పెద్ద బేస్‌బాల్ జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే కార్యక్రమం, రెండో రోజు నడుస్తోంది, సౌండ్ తీసేశాం. మావాడు, అంటే అక్క వాళ్ళబ్బాయి, హైస్కూల్ జట్టులో పిచ్చర్, బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. ఎడమచేతిలో బంతి తిప్పుతూ, ఎర్ర దారపు కుట్ల మీద రెండు వేళ్ళు ఆనించి, తీసి, మళ్ళీ ఆనిస్తూ కూర్చున్నాడు. వాడికి టెన్షన్ వస్తే చేసే పని అదే.

ఐదో రౌండ్ మొదలైన కాసేపటికి ఫోన్ మోగింది. అడ్వైజర్, మా తరఫున జట్లతో మాట్లాడే ఆయన. ఒక జట్టువాళ్ళు అడుగుతున్నారు, నాలుగున్నర లక్షల డాలర్లు ఇస్తే అబ్బాయి సంతకం పెడతాడా, అవునో కాదో ఇప్పుడే చెప్పాలి అన్నారాయన. బావ నావైపు చూశారు. నేను ఫ్రిజ్ వైపు చూశాను. ఫ్రిజ్ తలుపు మీద వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ కింద నేను రాసిచ్చిన కాగితం ఉంది. అందులో మా నంబరు, అంటే అంతకు తక్కువైతే సంతకం పెట్టకూడదనుకున్న బోనస్, 8 లక్షలు.

"కాదండీ, కాలేజీకి వెళ్తాడు" అన్నారు బావ. అంతా కలిపి నిమిషం పట్టలేదు. ఇంకో నిమిషంలో ఆ జట్టు వంతు వచ్చింది, టీవీలో వేరే అబ్బాయి పేరు పడింది. మావాడు బంతి టేబుల్ మీద పెట్టేసి పైకి వెళ్ళిపోయాడు. అక్క పులిహోర గిన్నె మూత తీసి అందరికీ వడ్డించింది. ఒక గండం గడిచిందన్నట్టు తిన్నాం.

ఆ కాగితం రాసింది నేను. వృత్తిరీత్యా నేను జనం ట్యాక్స్ రిటర్నులు వేస్తాను, లెక్కలంటే ఇంట్లో అందరూ నా వైపే చూస్తారు. ఆ లెక్క తప్పు. కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి, రెండు గడుల పైన నేను పెట్టిన పేర్లు తప్పు. మన పిల్లలు ఈ ఆటలోకి వస్తున్నారు కాబట్టి, మన ఇళ్ళలో ఇంకా ఇలాంటి కాగితాలు రాస్తారు కాబట్టి, నేను ఎక్కడ తప్పానో వివరంగా చెప్పాలనిపించింది.

మన పిల్లలు వస్తున్నారని ఊరికే అనడం లేదు. 2023 డ్రాఫ్ట్‌లో ఫ్లోరిడాలోని స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ నుంచి అర్జున్ నిమ్మల అనే ఫీల్డర్‌ని టొరంటో బ్లూ జేస్ జట్టు మొదటి రౌండ్‌లోనే, 20వ స్థానంలో ఎంచుకుంది. అప్పటికి ఆ అబ్బాయికి 17 ఏళ్ళు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఆడతానని మాట ఇచ్చి ఉన్నాడు. 30 లక్షల డాలర్లకు సంతకం పెట్టి జట్టుతో వెళ్ళిపోయాడు. ఆ వార్త మా వాట్సాప్ గ్రూపుల్లో రోజంతా తిరిగింది. ఇంటిపేరు చూసి సంబరపడ్డవాళ్ళే మర్నాటికి ఒకటే ప్రశ్న వేశారు: "మరి చదువో?"

డ్రాఫ్ట్ సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1965 నుంచి ఈ పద్ధతి ఉంది. జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. ఒకప్పుడు 40 రౌండ్లు ఉండేవి, కోవిడ్ ఏడాది 5 రౌండ్లతో సరిపెట్టారు, 2021 నుంచి 20. ఎంచుకున్నంత మాత్రాన అబ్బాయి ఆ జట్టువాడైపోడు, బోనస్ మాట్లాడుకుని సంతకం పెట్టాలి. హైస్కూల్ పిల్లాడైతే వద్దని కాలేజీకి వెళ్ళిపోవచ్చు. కానీ నాలుగేళ్ళ కాలేజీలో అడుగుపెట్టాడంటే మూడో సంవత్సరం పూర్తయ్యేదాకా, లేదంటే 21 ఏళ్ళు వచ్చేదాకా ఏ జట్టూ వాణ్ణి తీసుకోవడానికి లేదు. రెండేళ్ళ జూనియర్ కాలేజీకి ఈ కట్టుబాటు లేదు, అక్కడివాళ్ళు ఏటా డ్రాఫ్ట్‌కి అర్హులే. పేరున్న ఆటగాడు బ్రైస్ హార్పర్ ఈ దారి పట్టుకునే హైస్కూల్ మధ్యలో వదిలేసి, దానికి సమానమైన జీఈడీ పరీక్ష రాసి, సదరన్ నెవాడా జూనియర్ కాలేజీలో ఒక్క ఏడాది ఆడి 2010లో మొదటి స్థానంలో ఎంపికయ్యాడు.

ఇక డబ్బు. మొదటి 10 రౌండ్లలో ఒక్కో స్థానానికీ ఒక ధర రాసి ఉంటుంది, దాన్ని స్లాట్ అంటారు. ఆ స్లాట్లన్నీ కలిపితే జట్టు ఖర్చు పెట్టుకోగల సొమ్ము. దాన్ని 5 శాతం మించి దాటితే తర్వాతి ఏడాది మొదటి రౌండ్ వంతు పోతుంది. అంటే మావాడికి ఎక్కువ ఇవ్వాలంటే ఇంకో పిల్లాడి దగ్గర కోయాలి. ఇది మాటవరసకు చెప్పేది కాదు. 2014లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొదటి స్థానంలో బ్రేడీ ఐకెన్ అనే ఎడమచేతి పిచ్చర్‌ని ఎంచుకుని, 65 లక్షల డాలర్లకు ఒప్పుకుని, మోచేతి స్కాన్ చూశాక వెనక్కి తగ్గింది. ఐకెన్ సంతకం పెట్టలేదు. పెట్టకపోయేసరికి ఆ స్లాట్ సొమ్ము మాయమై, అదే జట్టు జేకబ్ నిక్స్ అనే ఇంకో కుర్రాడికి ఇస్తానన్న 15 లక్షలు కూడా పోయాయి. ఒకడి మోచెయ్యి ఇంకొకడి బోనస్‌ని మింగింది. అందుకే ముందే ఫోన్ చేసి అడుగుతారు, నిమిషంలో జవాబు కావాలంటారు.

ఆ నిమిషం కోసం ఇంట్లో ముందే ఒక నంబరు అనుకుని ఉంచుకోవాలి. ఆ వసంతంలో ఇంటికొచ్చిన స్కౌట్‌లు, అంటే జట్ల తరఫున కుర్రాళ్ళని చూసి అంచనా వేసేవాళ్ళు, అందరూ చివరికి అడిగింది అదొక్కటే. ఒకాయన సోఫాలో కూర్చుని, అక్క ఇచ్చిన టీ తాగుతూ, మావాడి గురించి కంటే బావ గురించే ఎక్కువ అడిగారు. ఎత్తెంత, వాళ్ళ నాన్నగారి ఎత్తెంత, భుజాలు ఏ వయసుకి నిండాయి అని. పిల్లాడి ఒళ్ళు ఇంకా ఎంత ఎదుగుతుందో తండ్రిని చూసి అంచనా వేస్తారట. వెళ్ళేముందు "మీ నంబరెంత?" అన్నారు. ఆ రాత్రే నేను కాగితం మీద కూర్చున్నాను.

ఎడమవైపు గడికి "ఆట" అని పేరు పెట్టాను, కుడివైపు గడికి "చదువు" అని.

ఆట గడిలో రాసినవి ఇవి. బోనస్ నాలుగున్నర లక్షలు అనుకుంటే అడ్వైజర్‌కి 5 శాతం, ఫెడరల్ పన్ను, జార్జియా పన్ను, మిగతా కోతలు పోగా చేతికొచ్చేది దాదాపు 2 లక్షల 60 వేలు. జీతం చూస్తే, సంతకం పెట్టిన కుర్రాళ్ళు మేజర్ లీగ్‌కి చేరేలోపు ఆడే మైనర్ లీగుల్లో అట్టడుగున ఏడాదికి 19,800 డాలర్లు, పైమెట్టు ట్రిపుల్ ఏలో 35,800. ఇది కూడా 2023లో ఆటగాళ్ళ యూనియన్ తొలిసారి ఒప్పందం చేసుకున్నాక పెరిగిన జీతం, అంతకుముందు ఇంకా అన్యాయంగా ఉండేది. 2022 నుంచి జట్లే వసతి చూస్తున్నాయి. మేజర్ లీగ్‌కి చేరతాడో లేదో ఎవరూ చెప్పలేరు. 1991లో మొదటి స్థానంలో ఎంపికై 15 లక్షల 50 వేలు తీసుకున్న బ్రయన్ టేలర్ ఒక్క మేజర్ లీగ్ ఆట కూడా ఆడలేదు. ఆ గడి చివర ఎర్ర పెన్నుతో "రిస్క్" అని రాశాను.

చదువు గడిలో రాసింది తక్కువ. మంచి కాలేజీ, ఫీజులో సగం స్కాలర్‌షిప్. సగమేనా అంటారేమో. బేస్‌బాల్‌లో అప్పటికి డివిజన్ 1, అంటే పైస్థాయి పోటీల్లో ఆడే కాలేజీకి మొత్తం 11.7 పూర్తి స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటినే జట్టులో చాలామందికి పంచుకోవాలి. సగం వచ్చిందంటే కోచ్‌కి పిల్లాడు బాగా నచ్చినట్టే. మూడేళ్ళ తర్వాత మళ్ళీ డ్రాఫ్ట్, అప్పటికి ఇంకా బలంగా, ఇంకా ఎక్కువ బోనస్‌కి. డిగ్రీ చేతిలో. చివర పచ్చ పెన్నుతో "భద్రం" అని రాశాను.

ఆ పచ్చ అక్షరాల గురించే ఇదంతా.

మావాడు ఆగస్టులో కాలేజీకి వెళ్ళాడు. 2025 ఫిబ్రవరిలో, సీజన్ మొదలైన రెండో వారంలో, మోచేతి లోపలి లిగమెంటు తెగింది. టామీ జాన్ సర్జరీ. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసిన ఆపరేషన్ ఇది, శరీరంలో ఇంకోచోటి స్నాయువుని (టెండన్‌ని) తీసి మోచేతిలో కడతారు. ఏడాది పైనే పడుతుంది మళ్ళీ పూర్తిగా విసరడానికి. బిల్లులకి ముందు బావ ఆఫీసు ఇన్సూరెన్స్ కట్టింది, కాలేజీది ఆ తర్వాత. జట్టుతో ఉండి ఉంటే ఆపరేషన్ నుంచి రోజువారీ ఫిజియోథెరపీ దాకా జట్టే చూసుకునేది, జీతమూ ఆగేది కాదు. ఇది నా కాగితంలో లేదు.

జూన్‌లో వాణ్ణి చేర్చుకున్న కోచ్ ఇంకో యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు, ఉద్యోగం మారారు. అదే నెల 6న, కాలేజీ ఆటగాళ్ళకి డబ్బు ఇవ్వడం మీద నడిచిన హౌస్ కేసులో సెటిల్‌మెంట్‌ని కోర్టు ఆమోదించింది. కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇచ్చుకోవచ్చు, స్కాలర్‌షిప్పుల మీద ఉన్న 11.7 పరిమితి పోయింది, కానీ అందులో చేరిన కాలేజీల బేస్‌బాల్ జట్టులో 34 మందికి మించి ఉండకూడదు. ఈ కొత్త లెక్క వల్ల చోటు పోయేవాళ్ళని పరిమితికి బయట ఉంచుకోవచ్చని కోర్టు వెసులుబాటు ఇచ్చింది. ఉంచుకోవాలా వద్దా అన్నది మాత్రం కాలేజీ ఇష్టం. కొత్త కోచ్ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితాలోంచి, 22 ఏళ్ళ పిచ్చర్లని తెచ్చుకున్నారు. చేతికి పట్టీ కట్టుకున్న 19 ఏళ్ళ కుర్రాణ్ణి గదిలోకి పిలిచి మర్యాదగానే చెప్పారట: నీ స్కాలర్‌షిప్ ఎక్కడికీ పోదు, చదువుకో, జట్టులో మాత్రం చోటు ఇవ్వలేను.

ఆ రాత్రి వాడు తిన్నగా మా ఇంటికొచ్చాడు. వంటింట్లో కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "పిన్నీ, నేను చదువుకోడానికే వెళ్ళానా అక్కడికి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అన్నం పెట్టాను.

బావకి ఇందులో పెద్ద కష్టం కనిపించలేదు. "చదువు ఉంది కదమ్మా, ఆట పోతే పోయింది. కంప్యూటర్ సైన్స్ తీసుకోమను" అన్నారు. ఆయన తప్పు మనిషి కాదు. పల్లెటూరి నుంచి చదువు ఒక్కదాన్నే పట్టుకుని ఇక్కడిదాకా వచ్చిన మనిషి. కానీ ఆ మాట విన్నప్పుడే నాకు నా కాగితం తప్పు ఏమిటో తెలిసింది. మేం కాలేజీని ఎంచుకున్నది చదువు కోసం ఆటని వదులుకుని కాదు. రెండూ దక్కుతాయనుకుని. మూడేళ్ళు ఆడతాడు, డిగ్రీ వస్తుంది, డ్రాఫ్ట్ ఉంటుంది అని. అందులో సంతకంతో ఉన్నది ఫీజు ఒక్కటే. ఆడిస్తామన్నది నోటిమాట. చెప్పిన మనిషి ఊరు మారగానే ఆ మాట కూడా ఆయనతోనే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎడమవైపు, అంటే ఆట గడిలో, జట్టుతో చేసుకునే ఒప్పందం సంగతి చూడండి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో కాలేజ్ స్కాలర్‌షిప్ ప్లాన్ అని ఒకటుంది. హైస్కూల్ కుర్రాడు మొదటిసారి సంతకం పెట్టేటప్పుడే, సెమిస్టరుకి ఇన్ని డాలర్లు చొప్పున ఎనిమిది సెమిస్టర్ల దాకా జట్టు కట్టాలని అందులో రాయించుకోవచ్చు. ఆట ఆగిపోయాక రెండేళ్ళలోపు చదువు మొదలుపెట్టాలి. జట్టు వాణ్ణి మర్నాడే తీసేసినా ఆ మాట నిలుస్తుంది, బోనస్ వెనక్కి ఇవ్వక్కర్లేదు. జట్టు కూడా ఆడిస్తామని హామీ ఇవ్వదు, ఏ రోజైనా పంపించేస్తుంది, ఆ విషయంలో కాలేజీకీ జట్టుకీ తేడా లేదు. కానీ ఆట వైపు కాగితంలో చదువు రాసి ఉంది. చదువు వైపు కాగితంలో ఆట లేదు. నేను పెట్టిన పేర్లు తలకిందులు.

ఈ ప్లాన్ సంగతి నాకు తెలియక కాదు, అడ్వైజర్ చెప్పారు. నేనే లెక్కలోకి తీసుకోలేదు. "ఇరవై ఆరేళ్ళొచ్చాక ఎవడు వెళ్తాడులెండి కాలేజీకి" అన్నాను, అందరూ తలూపారు. మన ఇళ్ళలో చదువుకి టైమ్‌టేబుల్ ఉంది. పదహారుకి పది, పద్ధెనిమిదికి ఇంటర్, ఇరవై రెండుకి డిగ్రీ. ఒక్క స్టేషన్ దాటిపోతే ఇక ఆ రైలు లేదు. ఎమ్సెట్ రాసి, ర్యాంకు తెచ్చుకుని వచ్చినవాళ్ళం, ఒక్క ఏడాది గ్యాప్ ఉంటే వీసా ఇంటర్వ్యూలో ఏమడుగుతారోనని భయపడినవాళ్ళం. ఆ భయాన్ని ఈ దేశంలో పుట్టిన పిల్లాడి లెక్కలో ఖర్చు కింద రాశాను.

ఇది జరిగాక ఒక ఆదివారం తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. అంతా విని, "ఏమే, నేను డిగ్రీ రాసింది మీ ఇద్దరూ పుట్టాకే కదే?" అంది. నాకు కాసేపు మాట రాలేదు. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, ఇప్పుడు అంబేద్కర్ పేరు మీద ఉన్నదే, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ లేకపోయినా ప్రవేశపరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. అమ్మ చేరింది. ఆదివారాలు బస్సెక్కి స్టడీ సెంటర్‌కి వెళ్ళేది, మమ్మల్ని పక్కింటి మామ్మగారి దగ్గర వదిలి. రాత్రి పొయ్యి ఆర్పాక, వంటింటి గుమ్మం మీద కూర్చుని ఆర్థికశాస్త్రం పుస్తకం చదివేది, అది నాకు బాగా గుర్తుంది, ఆ పుస్తకం అట్ట మీద పసుపు మరకలు ఉండేవి. ముప్పై దాటాక డిగ్రీ తెచ్చుకున్న మనిషి, డ్రాఫ్ట్ రోజు మా పక్కనే పులిహోర తింటూ కూర్చుంది. ఆమె ముందే నేను ఆ మాటన్నాను.

నా మాటకి అడ్డుచెప్పేవాళ్ళు ముందు గెరిట్ కోల్ అనే పిచ్చర్ పేరు ఎత్తుతారు. 2008లో న్యూయార్క్ యాంకీస్ జట్టు మొదటి రౌండ్‌లో, 28వ స్థానంలో ఎంచుకుంటే కాదని యూసీఎల్ఏకి వెళ్ళాడు. 2011లో మొదటి స్థానం, 80 లక్షల డాలర్ల బోనస్. 2019 చివర్లో అదే యాంకీస్ తొమ్మిదేళ్ళకి 32 కోట్ల 40 లక్షల డాలర్లు ఇచ్చి తెచ్చుకుంది. డిలన్ క్రూస్ అనే ఇంకో ఆటగాడు 2020 డ్రాఫ్ట్ నుంచి తనంతట తానే తప్పుకుని లూసియానా స్టేట్‌కి వెళ్ళి, 2023లో రెండో స్థానంలో 90 లక్షలు తీసుకున్నాడు. ఇవన్నీ నిజాలే. ఈ కథల్ని నేనూ ఆ వసంతంలో అక్కకి చెప్పాను. అడ్వైజర్లు చెప్తారు, కోచ్‌లు చెప్తారు, కాలేజీవాళ్ళు గోడల మీద ఫొటోలు పెడతారు. మూడో ఏడాది మోచేతికి పట్టీతో ఇంటికి వెళ్ళినవాళ్ళ ఫొటోలు ఏ గోడ మీదా ఉండవు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కుమార్ రాకర్. పేరు చూశారుగా. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్‌లో దేశమంతా పేరు తెచ్చుకుని, ఎన్ఎఫ్ఎల్‌లో ఆడి, కోచ్ అయిన మనిషి. తల్లి లలిత, భారతీయ మూలాలున్న ఆవిడ. మా జార్జియాలోనే, నార్త్ ఒకోనీ హైస్కూల్లో చదివాడు. 2018లో మొదటి రౌండ్ సరుకే అని అందరూ అన్న పిచ్చర్. కానీ వాండర్‌బిల్ట్‌కే వెళ్తానని గట్టిగా ఉండటంతో జట్లు పక్కనపెట్టాయి, చివరికి కొలరాడో జట్టు 38వ రౌండ్‌లో పేరుకి ఎంచుకుంది. కాలేజీ మొదటి ఏడాదే, 2019 జూన్‌లో, డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. వాండర్‌బిల్ట్ ఆ ఏడాది కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, అందులో ఉత్తమ ఆటగాడు ఇతనే. ఇక్కడితో ఆపితే కాలేజీ దారికి ఇంతకంటే మంచి కథ లేదు.

2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు 10వ స్థానంలో ఎంచుకుని 60 లక్షలకి ఒప్పుకుంది. వైద్యపరీక్ష చూశాక అసలు సంతకమే వద్దంది. ఆ సెప్టెంబర్‌లో భుజానికి ఆపరేషన్. మరుసటి ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో, ఏ మేజర్ లీగ్ జట్టుతోనూ సంబంధం లేని ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్‌కి ఆడాడు. అదే 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో ఎంచుకుని 52 లక్షలు ఇచ్చింది. 2023లో టామీ జాన్. మొదటి మేజర్ లీగ్ ఆట 2024 సెప్టెంబర్ 12న, సియాటెల్‌లో. 2018లో కాదన్న రోజు నుంచి ఆరేళ్ళు పైనే.

ఈ కథని రెండువైపులవాళ్ళూ వాడుకోవచ్చు. నాకు కనిపించింది వేరు. 60 లక్షలు చేతిదాకా వచ్చి పోయినా ఆ అబ్బాయి నిలబడ్డాడంటే వెనకాల ఆ లోకం తెలిసిన ఇల్లుంది. వైద్యపరీక్షలో ఎవరేమంటారో, ఏడాది ఎక్కడ ఆడాలో, ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిన తండ్రి ఉన్నాడు. వాండర్‌బిల్ట్‌లో అతని పక్కన ఆడిన జాక్ లైటర్ 2019లో 20వ రౌండ్‌లో యాంకీస్ ఎంచుకుంటే వెళ్ళలేదు, 2021లో రెండో స్థానంలో 79 లక్షల 22 వేలు తీసుకున్నాడు. అతని తండ్రి ఆల్ లైటర్ మేజర్ లీగ్ పిచ్చర్. కాదనగలిగే బలం ముందు ఇంట్లోంచి వస్తుంది. మా ఇంట్లో డబ్బుకి లోటు లేదు కాబట్టి మాకూ ఆ బలం ఉందనుకున్నాను. డబ్బు ఉంది. తెలివిడి లేదు. కోచ్ వెళ్ళిపోతే ఏమిటి అని అడగాలన్న సంగతి కూడా మాకు తట్టలేదు.

బేరం సంగతి కూడా అలాంటిదే. హైస్కూల్ పిల్లాడికి "కాలేజీకి పోతా" అనే మాట బలం. మూడో ఏడాదివాడికి "నాలుగో ఏడాది ఉంది" అనే మాట బలం. నాలుగో ఏడాదివాడికి ఏ బలమూ ఉండదు, అందుకే మంచి రౌండ్లలో కూడా సీనియర్లని పదో పరకో ఇచ్చి సంతకం పెట్టించుకుని, మిగిలిన సొమ్ముని ఇంకొకడికి వాడుకుంటారు. మావాడికి జీవితంలో బలం ఎక్కువగా ఉన్న రోజు ఆ జులై సోమవారమేనని అప్పుడు మాకు తెలియదు. మూడేళ్ళ తర్వాత ఇంకా పెరుగుతుందనుకున్నాం. పిచ్చర్ చెయ్యి బ్యాంకులో వేసిన డిపాజిట్ కాదు.

ఇవాళ ఎవరైనా నన్ను అడిగితే నేనేం చెప్తానో దాచుకోను. పిల్లాడు పిచ్చరై, బోనస్ నాలుగు లక్షలు దాటి, ఎనిమిది సెమిస్టర్ల ఫీజు ఒప్పందంలో రాయించగలిగి, వాడు బట్టలు ఉతుక్కుని, అన్నం వండుకుని, ఫ్లోరిడా ఎండలో ఖాళీ స్టాండ్ల ముందు ఆడి రాత్రి ఒంటరిగా పడుకోగలిగితే సంతకం పెట్టమంటాను. బ్యాటర్ అయితే ఇంత గట్టిగా చెప్పను, వాళ్ళ ఒళ్ళు ఒక్క లిగమెంటు మీద ఆధారపడి ఉండదు. 11వ రౌండ్ తర్వాత లక్షన్నర ఇస్తామంటే కాలేజీకే పంపిస్తాను, పన్నులు పోగా మిగిలేది ఆ రిస్కుకి చాలదు. ఇల్లు వదిలి ఉండలేని పిల్లాణ్ణి ఎంత ఇచ్చినా పంపించను. ఆ చివరిదాన్ని పిల్లాడి తల్లి ఒక్కతే సరిగ్గా చెప్పగలదు. మా అక్క చెప్పగలిగేది, మేం అడగలేదు. వాడు పదో తరగతి నుంచీ తన యూనిఫాం తనే ఉతుక్కునేవాడు. ఎమర్సన్‌లో లేక్‌పాయింట్ టోర్నమెంట్లకి నేను కారులో తీసుకెళ్ళినప్పుడు, వెనక సీట్లో ఎర్రమట్టి మరకల ప్యాంటుని ముందే ఒక సంచిలో వేసి, సబ్బు రుద్ది పెట్టుకునేవాడు. అది చూసి ముచ్చటపడ్డాను కానీ, అది కూడా లెక్కలో రాయాల్సిన విషయమేనని అనుకోలేదు.

కాలేజీలో చేరేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. స్కాలర్‌షిప్ ఎన్నేళ్ళకి రాశారో అడగండి, కోచ్ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో అడగండి, దెబ్బ తగిలితే ముందు ఎవరి ఇన్సూరెన్స్ కడుతుందో అడగండి. అడిగితే వాళ్ళేమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. మన మొహమాటం మన పిల్లాడి ఏడాదిని తినేస్తుంది.

మావాడు బావ మాట వినలేదు. 2025 ఆగస్టులో ఇంకో రాష్ట్రంలో, పేరు ఎవరూ వినని ఒక జూనియర్ కాలేజీలో చేరాడు. వాన పడితే మైదానం మీద టార్పాలిన్ వాళ్ళే పరుచుకుంటారు. బస్సులో ఆరేడు గంటలు వెళ్ళి రెండు ఆటలాడి ఆ రాత్రే తిరిగొస్తారు. ఆపరేషన్ అయిన పదమూడో నెలలో మొదటిసారి మ్యాచ్‌లో విసిరాడు. నేనూ అక్కా ఆ ఒక్క ఇన్నింగ్స్ కోసం తెల్లవారుజామున బయల్దేరి వెళ్ళాం. చలిగాలికి కంచె కడ్డీలు చేతికి అంటుకుపోతున్నాయి. వాడి మొదటి బంతి క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడుకి అక్క నా చెయ్యి పట్టుకుంది, ఇన్నింగ్స్ అయ్యేదాకా వదల్లేదు.

జూనియర్ కాలేజీ కాబట్టి ఈ జులైలో మళ్ళీ డ్రాఫ్ట్‌లో ఉంటాడు. పోయిన వారం సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఫ్రిజ్ మీది పాత కాగితం తీసి, వెనక్కి తిప్పి, నా ముందు పెట్టాడు. ఈసారి తనే రాస్తానన్నాడు. గడులకి పేర్లు పెట్టలేదు. పైన మొదటి వరసలో "8 సెమిస్టర్లు" అని రాశాడు, దాని కింద "చెయ్యి: డాక్టర్ ఎవరు, డబ్బు ఎవరు" అని రాశాడు. డాలర్లు రాయాల్సిన చోట పెన్ను ఆపి, "అమ్మమ్మకి ఫోన్ చెయ్యి పిన్నీ, తనకెంత ఫీజయిందో అడుగుదాం" అన్నాడు.